ఎండ లేనిచోట ఎండబెట్టడమా?

సందేహం: పైడిభీమవరంలో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. డ్రయ్యర్ల దగ్గర పెట్టే తెలుగు బోర్డులో 'తడి కేకును ఎండబెట్టాలి' అని రాశాను (కేకు అంటే ద్రవం తీసేశాక మిగిలే మందు ముద్ద). ఎండ పొడే తగలని గదిలో ఎండబెట్టడమేమిటి, 'శుష్కీకరణ' అని మార్చమన్నారు మా పైవారు. ఏది ఒప్పు? ఎల్‌ఓడీకి (లాస్ ఆన్ డ్రయింగ్, అంటే ఎండబెడితే తగ్గే బరువు) 'తేమ శాతం' అని రాశాను. అది సరేనా? (ఒక పాఠకుడు, రణస్థలం)

సమాధానం: ఎండబెట్టడం ఒప్పే. తేమ శాతం మాత్రం తప్పు. వినడానికి చిన్నదే గానీ బ్యాచ్‌ని ముంచగల తప్పు.

'ఎండబెట్టు'లో ఉన్నది ఆకాశంలో కాసే ఎండ కాదు, 'ఎండు' అనే క్రియ. ఎండన్ + పెట్టు అన్నప్పుడు ద్రుతం (చివరి నకారం) మీది పకారం బకారమై 'ఎండఁబెట్టు' అయింది. 'ఎండను పెట్టు' అని విడదీసినా సంధి ఇలాగే కుదురుతుంది కదా అని మీ పైవారు అడగవచ్చు. నిజమే. అందుకే సంధి ఒక్కటే చాలదు, తోడిమాటలు చూడాలి: నానబెట్టు, మాగబెట్టు, మరగబెట్టు, ఆరబెట్టు. బియ్యం నానబెట్టేటప్పుడు 'నాన' అనే చోట ఎక్కడా పెట్టడం లేదు, నానేట్టు చేస్తున్నాం. ఎండేట్టు చేయడమే ఎండబెట్టడం. పలాసలో జీడిపప్పు పైపొర ఊడడానికి వేడిపెట్టెల్లో ఎండబెడతారు. అక్కడా ఎండ లేదు, మాట మాత్రం ఉంది.

'శుష్కీకరణ'కు వ్యాకరణదోషం లేదు. శుష్కం కానిదాన్ని శుష్కంగా చేయడం అని అర్థం. కానీ తెలుగువాడికి శుష్కం అనగానే శుష్క వాగ్దానాలు, శుష్కించిన ఒళ్లు గుర్తుకొస్తాయి. పైగా 'శుష్కీకరణ చేయవలెను' అనాలి, 'ఎండబెట్టాలి' అంటే సరిపోయేదానికి. రాత్రి షిఫ్టులో బోర్డు చదివే మనిషికి ఈ భారం ఎందుకు? పైవారి మాట కొట్టేయలేకపోతే శీర్షికలో శుష్కీకరణ ఉంచి, కింద పని చెప్పే వాక్యాల్లో 'ఎండబెట్టండి' అనే రాయండి.

మీరు అడగకపోయినా ఒక తేడా చెప్పాలి. ఆరడం వేరు, ఎండడం వేరు. తల ఆరుతుంది, బట్ట ఆరుతుంది. అంటే పైతడి పోతుంది. చెరువు ఎండుతుంది, చేప ఎండుతుంది. అంటే లోపలి నీరూ పోతుంది. వడ్లు ఆరబోస్తాం కదా అంటారేమో. ఆరబోయడం కళ్లంలో చేసే పని, ఎండడం గింజ చేరే స్థితి. ఈ తేడా మీ ట్రే డ్రయ్యర్‌లో కళ్లకు కడుతుంది. సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) నుంచి తీసిన కేకును ట్రేలో మందంగా పరచి, మొదట్లోనే వేడి పెంచేస్తే పైన గట్టి పెంకు కడుతుంది. ముట్టుకుంటే పొడిగా ఉంటుంది. గడ్డ చిదిమితే లోపల సాల్వెంట్ (మందు తయారీలో కరిగించడానికి వాడిన ద్రవం) వాసన గుప్పుమంటుంది. అది ఆరింది, ఎండలేదు. భీమాలి తాండ్ర చేసేవాళ్లు పల్చటి పొర పోసి, అది ఆరాకే మరో పొర పోసేది ఇందుకే. పల్చగా పరచడం, మధ్యలో గడ్డలు చిదిమి తిరగెయ్యడం, వేడి మెల్లగా పెంచడం: ఈ మూడూ బోర్డు మీద ఉండాలి. వాక్యూమ్ పెడితే తక్కువ వేడికే పని జరుగుతుంది. ఒత్తిడిని మామూలు గాలి ఒత్తిడిలో పదో వంతుకు దించితే నీరు 46 డిగ్రీల దగ్గరే మరుగుతుంది.

ఇక ఎల్‌ఓడీ. 5 గ్రాముల నమూనాను 105 డిగ్రీల దగ్గర ఎండబెట్టి తూస్తే 4.98 గ్రాములు తూగిందనుకుందాం. తగ్గింది 0.02 గ్రాములు, అంటే 0.4 శాతం. పారాసెటమాల్‌కు హద్దు 0.5 శాతం కాబట్టి పాసే. కానీ ఆ తగ్గిందంతా నీరేనని త్రాసు చెప్పలేదు. టోలుయీన్ అనే సాల్వెంట్ అయితే? 0.4 శాతం అంటే 4000 పీపీఎం (పది లక్షల్లో 4000 వంతులు). మందులో టోలుయీన్‌కు అనుమతించేది 890 పీపీఎం. 'తేమ 0.4' అని రాసిన బోర్డు ఈ అనుమానాన్నే రానివ్వదు, ఎందుకంటే తెలుగులో తేమ అంటే నీరే. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదన్నప్పుడు ఆ మాట సరైనదే. గింజలో ఉండేది నీరు కదా.

ఎల్‌ఓడీకి నేనైతే 'ఎండుతరుగు' అంటాను. ఎండితే ఎంత తరిగిందో అంత; ఏది తరిగిందో చెప్పినట్టు కాదు. మిల్లు దగ్గర తరుగు తీయించుకున్న రైతుకు ఆ మాటంటే ఒళ్లు మండవచ్చు గానీ, అర్థం మాత్రం వెంటనే తెలుస్తుంది. కార్ల్ ఫిషర్ పరీక్షలో వచ్చేది 'నీటి శాతం', జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షలో) వచ్చేది 'మిగిలిన సాల్వెంట్'. మూడింటికీ మూడు పేర్లు, ఒకదాని చోట మరొకటి రాయకండి.

'బాగా ఎండేవరకు' అని కూడా రాయకండి. బాగా ఎండితే చెడేవి ఉన్నాయి. అమాక్సిసిలిన్ ట్రైహైడ్రేట్ అనే యాంటీబయాటిక్ స్ఫటికంలోనే మూడు నీటి అణువులుంటాయి, లెక్కకు 12.9 శాతం. ప్రమాణం 11.5 నుంచి 14.5. పైనీరు పోయాక ఆపకుండా కాగబెడితే స్ఫటిక జలమూ పోతుంది, నీలి మైలుతుత్తాన్ని వేడిచేస్తే తెల్లబడినట్టు. దానికి రాయాల్సింది 'నీటి శాతం ఇంతకు దిగగానే ఆపండి' అని. ఆ 'ఇంత' మీ బ్యాచ్ రికార్డులోని అంకె కావాలి.

చివరి వరుసలో 'డ్రయ్యర్ చల్లారాక, నైట్రోజన్‌తో వాక్యూమ్ విడిచాక తలుపు తెరవండి' అని పెట్టండి. వేడి మీద తెరిస్తే లోపలి సాల్వెంట్ ఆవిరికి గాలి తోడై అంటుకోవచ్చు. 'శీతలీకరణానంతరం' అని మాత్రం మార్చనివ్వకండి.