పాత పొగాకు బ్యారన్‌ను ఊరి సాంస్కృతిక కేంద్రంగా మార్చవచ్చా?

మీ ఊళ్లో వాడకం మానేసిన వర్జీనియా పొగాకు బ్యారన్ (పచ్చాకును వేడికి ఎండబెట్టే గది), దాని పక్కన గ్రేడింగ్ షెడ్డు (ఎండిన ఆకును రకాలుగా విడదీసే చోటు) ఉన్నాయనీ, యజమాని ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడనీ, గ్రంథాలయం, నాటకాల సాధన మొదలుపెట్టాలంటే డబ్బు ముందు దేనికి పెట్టాలనీ అడిగారు. ప్రకాశం జిల్లాలో మా ఊళ్లో ఇదే పని చేసిన బృందంలో నేనూ ఉన్నాను. నా మాట ఇది: బ్యారన్ మీద మోజు తగ్గించుకుని షెడ్డు మీద ఖర్చు పెట్టండి. అంతకంటే ముందు, ఆ షెడ్డులో కూలికి పనిచేసిన వాళ్లతో మాట్లాడండి.

బ్యారన్ ఫొటోల్లో బాగుంటుంది. లోపలికి వెళ్తే పదహారు అడుగుల చదరపు గది, దాదాపు అంతే ఎత్తు, కిటికీలు ఉండవు. బయట పొయ్యిలో కట్టెలు మండిస్తే లోపలి ఇనుప గొట్టాలు కాలి, కర్రలకు కట్టిన పచ్చాకు వారం రోజుల్లో ఎండేది. చివరి దశలో వేడి 70 డిగ్రీల దాకా వెళ్లేది. వేడిని బయటికి పోనివ్వకుండా కట్టిన గదిలో ఏప్రిల్ నెలలో పిల్లల్ని కూర్చోబెట్టి కథలు చెప్పడం అయ్యే పని కాదు. బుర్రకథ పెట్టి చూశాం. గుమ్మెట మోతలో మాట ఒక్కటీ వినిపించలేదు. అయితే ఆ చీకటి ఒకందుకు పనికొస్తుంది. గోడ మీద తెర కట్టి పాతిక మంది పిల్లలకు సినిమా వేయవచ్చు. అలా వాడదలిస్తే ఎదురు గోడలో రెండో తలుపు పెట్టించాకే వాడండి.

షెడ్డు సంగతి వేరు. ఆకు రంగు చూసి గ్రేడు విడదీయాలి కాబట్టి మా షెడ్డుకు పగటి వెలుగు బాగా వచ్చేలా కట్టారు. పొడవైన హాలు, మధ్యలో స్తంభాలు తక్కువ. చదువుకోవడానికీ, నాటక సాధనకూ అదే కావాలి.

ఇక మనుషుల విషయం. ఆ షెడ్డులో వరుసగా కూర్చుని ఆకు గ్రేడు చేసింది ఎక్కువగా దళితవాడలోని ఆడవాళ్లు. వాళ్లు ఆ గుమ్మం దాటింది కూలికే. అతిథులుగా ఎవరూ పిలిచింది లేదు. మీరు రంగులు వేసి, రిబ్బను కట్టి, శాసనసభ్యుణ్ణి పిలిస్తే వాళ్లు వచ్చి గోడ పక్కన నిలబడతారు, అంతే. మా దగ్గర మొదటి కార్యక్రమం ప్రారంభోత్సవం కాదు, వాళ్ల కోలాటం. అదీ పొలం పనులు ముగిసి, వంటలయ్యాక, రాత్రి పూట. తాళంచెవి ఒకటి ఆ వాడలోని ఒక పెద్దామె దగ్గరే ఉంచాం. దీనికి ఊళ్లో గొణుగుడు బాగానే వినబడింది. మరో తాళంచెవి యజమాని ఇంట్లో ఉండాలన్నారు కొందరు. మేము ఒప్పుకోలేదు. యజమాని గేటు తీస్తేనే తెరుచుకునే చోటును ఆయన ఇంటి వసారా అనే అనాలి. కమిటీలో కూడా ఆ వాడవాళ్లు ఉండాలి, పేరుకు ఒకరు కాదు.

అందుకే కాగితం కూడా ముఖ్యం. యజమాని నోటిమాట మీద పైసా పెట్టకండి. ఆయన మంచివాడే కావచ్చు, రేపు ఆస్తి పంపకాలకు కూర్చునేది ఆయన కొడుకులు. పదకొండు నెలల ఒప్పందాలు మనకు అలవాటే గానీ, పైకప్పు మార్చేవాళ్లకు అది చాలదు. కనీసం పదేళ్ల లీజు రాయించుకోండి. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాల్సిందే. ఏడుగురు సభ్యులతో సొసైటీ రిజిస్టరు చేయించి, లీజు దాని పేరున తీసుకోండి. బ్యారన్‌కు పొగాకు బోర్డులో రిజిస్ట్రేషన్ ఇంకా నడుస్తోందేమో కూడా కనుక్కోండి. అది నడుస్తుంటే ఆకు ఎండబెట్టే పనికి ఆ బ్యారన్‌కు ఇంకా విలువ ఉన్నట్టే. ధర బాగున్న ఏడాది యజమాని మనసు మారవచ్చు.

మరమ్మతుల్లో అన్నిటికంటే ముందు పైకప్పు. సిమెంటు రేకులని మనం పిలిచే పాతవి చాలావరకు ఆస్‌బెస్టాస్ రేకులు. వాటికి బెజ్జాలు వేయకూడదు, పగలగొట్టకూడదు, రాలిన పొడిని పొడి చీపురుతో ఊడ్వకూడదు. విప్పాల్సి వస్తే తడిపి, ముక్కలు కాకుండా దించాలి. గోడలు మట్టితో కట్టిన ఇటుక గోడలైతే సిమెంటు పూత వద్దు. లోపలి చెమ్మ బయటికి రాక పెచ్చులూడుతుంది. సున్నం పూతే నయం. పొగాకు జిగురు పట్టిన చోట ఎన్నిసార్లు సున్నం కొట్టినా గోధుమరంగు మరకలు పైకి వస్తాయి, వానాకాలంలో వాసన కూడా వేస్తుంది. మేము ఆ గోడను గీకించి ఇటుకలాగే వదిలేశాం.

వైరింగు కొత్తగా వేయించండి, పాతదానికి అతుకులు వద్దు. ఇంగ్లండులో స్నేప్ అనే చోట బార్లీతో మాల్ట్ తయారుచేసే పాత భవనాన్ని 1967లో సంగీత మందిరంగా మార్చారు. 1969లో ఉత్సవం మొదలైన రాత్రే అది కాలిపోయింది. వాళ్లు ఏడాదిలో మళ్లీ కట్టుకోగలిగారు. చందాలతో నడిచే మనకు రెండో అవకాశం ఉండదు.

గ్రంథాలయం గురించి ఒక్క మాట. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని చూసి వచ్చిన వాళ్లెవరికైనా బీరువాల నిండా పుస్తకాలు పెట్టాలనిపిస్తుంది. మాకు పాఠకులను తెచ్చింది మాత్రం రెండు దినపత్రికలు, పోటీ పరీక్షల పుస్తకాలు, రాత్రి పది దాకా వెలిగే లైట్లు. కథలూ నవలలూ తరవాత మెల్లగా కదిలాయి.

షెడ్డు కొలతలు, పైకప్పు లోపలి వైపు ఫొటోలు ఇక్కడ పెట్టండి. దూలాలకు చెదపురుగు పట్టిందో లేదో చూసి, మార్చాలో ఉంచాలో చెబుతాను.