గేమింగ్ ల్యాప్‌టాప్‌లో పది నిమిషాల తర్వాత 70 ఎఫ్‌పీఎస్ (సెకనుకు కనిపించే ఫ్రేముల సంఖ్య) 22కి పడిపోతోందంటే

గేమ్ ఆపి కాసేపు ఆగితే మళ్లీ మామూలుగా ఆడుతోంది అన్నారు కదా, అయితే ఇది చాలావరకు వేడి సమస్యే. డ్రైవర్ (గ్రాఫిక్స్ నడిపే సాఫ్ట్‌వేర్) పాడైతే సాధారణంగా మొదటి నిమిషం నుంచే తేడా తెలిసేది. విండోస్ మళ్లీ ఎక్కించే పని పెట్టుకోకండి.

1. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, స్పీడ్ చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్) ఆన్‌లో ఉంచి గేమ్ ఆడండి. ఎఫ్‌పీఎస్ పడే సమయానికి సీపీయూ 95 డిగ్రీల దాకా వెళ్లి, క్లాక్ స్పీడ్ (అది పనిచేసే వేగం) తగ్గిందా? అదే థ్రాట్లింగ్, అంటే వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకోవడం.

2. ఫ్యాన్ శుభ్రం చేశాను అన్నారు. బయటి జాలీలోంచి గాలి కొట్టి ఉంటారు. అందరూ చేసేది అదే, దాంతో పని కాదు. గాలికి అసలు అడ్డుపడే దుమ్ము ఫ్యాన్ రెక్కల మీది కాదు, ఫ్యాన్‌కీ రాగి గొట్టాల చివరున్న సన్నటి రేకులకీ మధ్య. అక్కడ దూది పరుపులా పేరుకుంటుంది. బయటనుంచి కొడితే లోపలికే పోతుంది.
ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, చార్జర్ తీసి, అడుగు మూత విప్పండి. ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఆ పొరను చిన్న బ్రష్‌తో లాగేయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగ్ పోవచ్చు. (నాది అలాగే పోయింది.)

3. అయినా తగ్గకపోతే థర్మల్ పేస్ట్ (సీపీయూ వేడిని రాగి గొట్టాలకు చేర్చే పేస్ట్) మార్చాలి. చేయి తిరగకపోతే షాపులో ఇవ్వండి.

ఒకవేళ 75 డిగ్రీల దగ్గరే ఎఫ్‌పీఎస్ పడుతుంటే చార్జర్ నుంచి పవర్ చాలట్లేదేమో చూడండి. గేమింగ్ ల్యాప్‌టాప్‌కి 65 వాట్ల టైప్-సి చార్జర్ సరిపోదు, ల్యాప్‌టాప్‌తో వచ్చిన పెద్ద అడాప్టరే పెట్టాలి.