మధ్యాహ్నం పాయింట్ పక్కకు జరగడం జీపీఎస్ రిసీవర్ తప్పు కాదు

అన్నా, మంగళగిరి పొలంలో పొద్దున 7కి కొలిచిన సరిహద్దు రాయి మధ్యాహ్నం 2కి నాలుగు మీటర్లు పక్కకు చూపిస్తోంది, రాత్రి ఎనిమిదికి సిగ్నలే పోతోంది అన్నారు కదా, రిసీవర్ మార్చకండి. అది పైన అయనోస్ఫియర్ (చాలా ఎత్తులో విద్యుత్ కణాలున్న గాలి పొర) చేసే పని. ఎండకు అక్కడ ఎలక్ట్రాన్లు పెరిగి, మధ్యాహ్నం ఒంటిగంట, మూడు మధ్య బాగా ఎక్కువై, తెల్లవారుజాముకి తగ్గిపోతాయి. సిగ్నల్ వచ్చే దారిలో చదరపు మీటరుకి 100 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు ఉంటే ఒక యూనిట్. ఒక్కో యూనిట్‌కి ఎల్1 అనే జీపీఎస్ సిగ్నల్ సుమారు 16 సెంటీమీటర్ల దూరమంత ఆలస్యం, అంటే 50 యూనిట్లకి 8 మీటర్లు! జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సవరణ లెక్క (మోడల్) అందులో సగం వరకే సరిదిద్దుతుంది. ఎత్తు రీడింగ్ అయితే ఇంకా ఘోరం.

రాత్రి సంగతి వేరే. మనం అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి పొద్దుగూకాక ఆ పొరలో బుడగల్లా ఖాళీలు లేచి సిగ్నల్‌ని మిణుకుమిణుకుమనిపిస్తాయి, మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్‌లలో మరీ ఎక్కువ. దానికి సెట్టింగ్ ఏమీ లేదు, సామాను సర్దుకుని టీ తాగడమే.

మీది ఎల్1 ఒక్కటే పట్టే రిసీవర్ అయితే గగన్ (ఉపగ్రహం ద్వారా జీపీఎస్ సవరణలు పంపే మన దేశ వ్యవస్థ) ఆన్ చేసి పొద్దున్నే పని ముగించండి, కుదిరితే ఎల్1, ఎల్5 (ఇంకో ఫ్రీక్వెన్సీ సిగ్నల్) రెండూ పట్టేది అద్దెకు తెచ్చి అదే రాయి మళ్లీ కొలవండి.