లైసెన్స్‌లో షరతు పెడితే అమ్మాయి భవిష్యత్తు దెబ్బతింటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. కెమెరా దృశ్యాల్లో మనుషులను లెక్కపెట్టే చిన్న కోడ్ లైబ్రరీ (ఇతర ప్రోగ్రాముల్లో కలుపుకుని వాడే కోడ్) రాసి, ఎంఐటీ లైసెన్స్‌తో గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైట్‌లో పెట్టింది. ఉద్యోగులు సీట్లో ఎంతసేపు కూర్చుంటున్నారో కనిపెట్టడానికి ఒక సంస్థ దాన్ని వాడుతోందని ఈమధ్య తెలిసింది. అప్పటి నుంచి దిగాలుగా ఉంటోంది. ‘నిఘాకు, ఆయుధాలకు వాడకూడదు’ అని లైసెన్స్‌లో చేరుస్తానంటోంది. అలా చేస్తే కంపెనీలు తన ప్రొఫైల్‌ను పక్కన పెడతాయని సీనియర్లు భయపెడుతున్నారు. ఇవన్నీ వదిలేసి, ఇతరుల ప్రాజెక్టులకు కోడ్ మార్పులు పంపే పుల్ రిక్వెస్టుల సంఖ్య పెంచుకోమని నేను చెబుతున్నాను. లేదంటే రెస్పాన్సిబుల్ ఏఐ సర్టిఫికెట్ కోర్సులో చేర్చమంటారా? ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఇవ్వడం), ఆ కోర్సు, రెండిట్లో ఏది మేలు? – ఒక తండ్రి

జవాబు: షరతు పెట్టినందుకు మీ అమ్మాయికి ఉద్యోగం రాకుండా పోదు. ముందు ఆ భయం వదిలేయండి. ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. ప్రాజెక్టులు వేరైనా అడుగున ఉండే దిగులు ఒకటే: అందరూ పరిగెడుతుంటే మా పిల్ల ఏదో ఆలోచిస్తూ ఆగిపోయింది, వెనకబడుతుందేమో అని. వెనకబడదు. తన కోడ్ ఎవరి మీద ఎలా పనిచేస్తోందో పట్టించుకునే ఇంజినీర్ ఏ టీమ్‌కైనా కావాలి. నువ్వు తీసుకున్న కష్టమైన నిర్ణయం ఏమిటని ఇంటర్వ్యూలో అడిగితే, చెప్పడానికి తన దగ్గర నిజంగా జరిగిన విషయం ఉంది.

అయితే లైసెన్స్ మార్చితే పని జరుగుతుందా అంటే, నాకు నమ్మకం లేదు. ఎంఐటీ లైసెన్స్ ఇచ్చిందంటే ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చని రాసిచ్చినట్టే. ఇప్పుడు మార్చినా ఆ సంస్థ పాత వెర్షన్‌ను నిక్షేపంగా వాడుకుంటుంది. కొత్త వెర్షన్‌కు షరతు పెట్టుకోవచ్చు గానీ దాన్ని ఓపెన్ సోర్స్ అని పిలవడం కుదరదు. ఆ పేరుకు ప్రమాణాలు పెట్టే ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ సంస్థ నిర్వచనంలో ఐదో నిబంధన మనుషుల మధ్య, ఆరో నిబంధన వాడే రంగాల మధ్య తేడా చూపకూడదంటాయి. లోపల ఎక్కడైనా జీపీఎల్ అనే ఇంకో లైసెన్స్ కింద ఉన్న కోడ్ కలిసి ఉంటే ఇంకో చిక్కు: ఆ లైసెన్స్ ఇలాంటి అదనపు ఆంక్షలను ఒప్పుకోదు.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లు ఉన్నారు. ప్రోగ్రామర్ డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తన జేసన్ (డేటాను రాసే ఒక పద్ధతి) సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌లో ‘మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు’ అని ఒక్క వాక్యం చేర్చారు. వినడానికి ఎంత బాగుంది! కానీ ఏది చెడో ఎవరు తేలుస్తారు? డెబియన్ అనే లినక్స్ ప్రాజెక్టు ఆ కోడ్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా ఒప్పుకోలేదు. 2016లో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిపే అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో దాన్ని చేర్చుకోకూడదని తేల్చింది. 2018లో లెర్నా అనే ప్రాజెక్టు, అమెరికా వలస నియంత్రణ సంస్థతో పనిచేసే కంపెనీలు తమ కోడ్ వాడకూడదని షరతు పెట్టి, గొడవ కావడంతో వెంటనే వెనక్కి తీసుకుంది. అలాగని మీ అమ్మాయి వింత కోరిక కోరుతోందని అనుకోకండి. 2019లో ప్రోగ్రామర్ కొరలైన్ అడా ఎమ్కీ మానవ హక్కుల షరతుతో హిపోక్రటిక్ లైసెన్స్ తెచ్చారు. 2022లో వచ్చిన బ్లూమ్ అనే ఏఐ మోడల్ లైసెన్స్‌లోనూ వాడకం మీద ఆంక్షలున్నాయి. ఈ చర్చ ఇంకా ముగియలేదు.

ఒక్కటి మాత్రం చేయకూడదు. 2022 మార్చిలో నోడ్-ఐపీసీ అనే కోడ్ ప్యాకేజీ మెయింటైనర్ (దాన్ని చూసుకునే వ్యక్తి), ఉక్రెయిన్ యుద్ధం మీద నిరసనగా, రష్యా, బెలారస్ ఐపీ అడ్రస్‌లున్న కంప్యూటర్లలో ఫైళ్లను చెరిపేసే కోడ్‌ను అప్‌డేట్‌లో పెట్టాడు. కారణం ఏదైనా, నమ్మి ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకు హాని చేయడం అది. కోపంలో అటువైపు ఆలోచన పోనివ్వొద్దని చెప్పండి.

తన చేతిలో నిజంగా ఉన్నది డిజైన్. ‘ఈ గదిలో పన్నెండు మంది ఉన్నారు’ అని చెప్పడం లెక్క. ఒక్కొక్కరికీ ఒక ఐడీ ఇచ్చి, ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ ఆ మనిషినే వెంబడించడం నిఘా. ఈ రెండో పని తన లైబ్రరీ చేస్తోందా? చేస్తుంటే అది అవసరమా? ఐడీలను, ఫ్రేమ్‌లను నిల్వ చేయకుండా అంకె మాత్రమే బయటికిచ్చేలా డిఫాల్ట్ (మామూలు అమరిక) మార్చవచ్చు. ముఖాలు గుర్తుపట్టే ఫీచర్ కావాలని ఎవరైనా పుల్ రిక్వెస్ట్ పంపితే మర్యాదగా కారణం చెప్పి తిప్పి పంపవచ్చు. అది మెయింటైనర్ హక్కు. ఇది దేనికోసం రాశాను, ఎక్కడ తప్పు లెక్క చెబుతుంది, ఒక మనిషి పనితీరును దీనితో ఎందుకు అంచనా వేయకూడదు అన్నవి రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ పత్రంలో) స్పష్టంగా రాయాలి. రీడ్‌మీలో మాట చట్టంలా ఎవరినీ కట్టెయ్యదు, నిజమే. కానీ రేపు ఆ సంస్థలో ఒక ఉద్యోగి ‘రాసినవాళ్లే వద్దన్నారు కదా’ అని అడగడానికి ఆధారం దొరుకుతుంది.

ఇక మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. పుల్ రిక్వెస్టుల సంఖ్య పెంచుకోమన్నారు చూడండి, అది నాకు నచ్చలేదు. ఆ లెక్కల పిచ్చి ఎంత దూరం వెళ్లిందో తెలుసా? 2020లో హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ పోటీలో టీషర్ట్ కోసం రీడ్‌మీల్లో అనవసరమైన పదాలు చేర్చి పుల్ రిక్వెస్టులను వేలం వెర్రిగా పంపారు. తట్టుకోలేక నిర్వాహకులు, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కిస్తామని పోటీ మధ్యలోనే నియమం మార్చారు. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు, ఒక ట్యుటోరియల్ చూసిన విద్యార్థులు తమ పేర్లు చేరుస్తూ కుప్పలుగా పుల్ రిక్వెస్టులు పంపారు. అవతల వాటిని మూసేది జీతం లేకుండా పనిచేసే మనిషి. ఇప్పుడు ఏఐతో రాయించి పంపడం మొదలైంది. ఏఐ రాసిన కోడ్ మాకొద్దని జెంటూ అనే లినక్స్ ప్రాజెక్టు 2024లోనే నియమం పెట్టింది. లినక్స్ కెర్నల్‌కు (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల కోడ్‌కు) ప్యాచ్, అంటే కోడ్ మార్పు, పంపేవాళ్లు, దీన్ని ఇచ్చే హక్కు నాకుందని సంతకం వరుస రాయాలి. అర్థం కాని కోడ్ కింద ఆ వరుస రాయమని మీ అమ్మాయికి చెబుతారా? తన ప్రాజెక్టును ఎవరో వాడుతున్నారు, ఆ వాడకం గురించి తను బాధపడుతోంది. ఆ బాధను మీరు అడ్డంకిగా చూశారు. మీకు చెప్పాలని వచ్చిన పిల్లకు సంఖ్య పెంచుకోమని బదులిస్తే, తర్వాతిసారి చెప్పదు.

సర్టిఫికెట్ కోర్సు సంగతి. వద్దనను, చట్టాల పరిచయం, పారిభాషిక పదాలు వస్తాయి. ఎథిక్స్ అన్న పేరుకు ఇప్పుడు గిరాకీ ఉంది కాబట్టి కోర్సులు పుట్టుకొస్తున్నాయి, అందులో చాలావరకు స్లైడ్లు, క్విజ్‌లే. ఎవరి కోడ్‌నూ, ఏ నిర్ణయాన్నీ చూడకుండా చేతికొచ్చే కాగితం మీద నాకు పెద్ద గౌరవం లేదు. ప్రస్తుతం తన ముందున్న పనే అంతకంటే ఎక్కువ నేర్పుతుంది. డిఫాల్ట్ మార్పు, రీడ్‌మీ, ఆ సంస్థ వాడకం గురించి చెప్పినవాళ్లకు బహిరంగంగా ఒక జవాబు: ఈ సెమిస్టర్‌కు ఇవి చాలు. అవి అయ్యాక కూడా లైసెన్స్ మార్చాలనే ఉంటే, కోడ్ ఇచ్చిన మిగతావాళ్లను అడిగి, ఇకపై ఓపెన్ సోర్స్ అనే ముద్ర ఉండదని తెలిసి మార్చుకోనివ్వండి. కోర్సు సెలవుల్లో చూసుకోవచ్చు.