కణం కింద ఏముందో ముందు చూడు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ఆకివీడు చెరువుల నుంచి శీలావతి చేపపిల్లలు తెచ్చి, వాటి రెక్కల నుంచి కణాలు పెంచబోతున్నానని రాశావు. చాలా సంతోషం. చెరువు చేపతో బ్యాక్టీరియా ఎలాగూ వస్తుంది, కడగడం గురించి మీ సారు చెప్పే ఉంటారు. పళ్లెం గుంటల అడుగున ఒక్కో ప్రోటీన్ పూసి, కణాలు దేని మీద నిలుస్తాయో చూసే పనికి మాత్రం నా మాట విను.

ఫైబ్రోనెక్టిన్, లామినిన్, కొల్లాజెన్ వంటి ప్రోటీన్లను కణాలే తయారుచేసి బయట పరుచుకుంటాయి. తమ పైపొరలోని ఇంటిగ్రిన్లనే ప్రోటీన్లతో వాటిని పట్టుకుంటాయి. ఫైబ్రోనెక్టిన్ అంత పెద్ద ప్రోటీన్ కదా, అందులో ముఖ్యమైన పట్టు మూడే మూడు అమైనో ఆమ్లాల వరుస: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. పియర్ష్‌బాకర్, రూస్లాతి అనే శాస్త్రవేత్తలు 1984లో దీన్ని చూపించారు. ఆ వరుస ఉన్న చిన్న పెప్టైడ్‌ను, అంటే పొట్టి అమైనో ఆమ్లాల గొలుసును, ద్రవంలో కలిపితే ఇంటిగ్రిన్లు దాన్నే పట్టుకుంటాయి, కణాలు ఫైబ్రోనెక్టిన్ పూసిన అడుగుకు అంటుకోవు. ఆస్పార్టిక్ బదులు గ్లుటామిక్ ఆమ్లం ఉన్న పెప్టైడ్‌ను కూడా పక్కన పెట్టు. దానితో అంటుకోవడం ఆగకూడదు.

కణాల ద్రవంలో కలిపే సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి తీసే ద్రవం) జోలికి పోవద్దు. అందులోనే ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ ఉంటాయి, నువ్వు పూసినదేదో, సీరం పూసినదేదో తెలియదు. కణాలను ఊడదీసే ట్రిప్సిన్ ఎంజైమ్‌ను ఆపడానికి సీరం బదులు సోయా నిరోధకం వాడు. పూత ఆరిపోనివ్వకు. ఒక గుంటలో కణాలు పట్టుకోని ఆల్బుమిన్ ప్రోటీన్ మాత్రమే వెయ్యి. అక్కడా కణాలు బాగా అంటుకుంటే మిగతా గుంటల లెక్కలు పారెయ్యవలసిందే. అంటుకోని కణాలను కడిగేటప్పుడు ద్రవం గుంట గోడ వెంబడి నెమ్మదిగా పోయాలి. మైక్రోస్కోపులో మొదట గుండ్రంగా, అంచు మెరుస్తూ కనిపించే కణం మెల్లగా చదునై మెరుపు తగ్గుతుంది. అప్పుడే అది నిజంగా కూర్చున్నట్టు.

అంటుకున్నంత మాత్రాన నడుస్తుందనుకోకు. గట్టు మీది బంకమట్టి జారితే అడుగు పడదు, దమ్ము చేసిన మడిలో కాలు దిగబడితే పైకి రాదు. కణం పరిస్థితీ అంతే, మధ్యస్థంగా పట్టు ఉన్నచోటే ఎక్కువ వేగంగా కదులుతుంది. అందుకే ఒకే మోతాదు పూసి తీర్పు చెప్పకు, పలచన నుంచి చిక్కన వరకు వరుసగా చూడు. పైగా టెనాసిన్, థ్రాంబోస్పాండిన్ వంటివి చాలా సందర్భాల్లో పట్టు సడలిస్తాయి. బయట ఉన్న ప్రోటీన్లన్నీ జిగురు పని చేయవు.

పరుచుకున్న కణాల పొరలో గీత గీసి, అది పూడేదాకా చూసే పరీక్షలో మరో చిక్కుంది. కణాలు జరిగినా పూడుతుంది, విభజన చెంది పెరిగినా పూడుతుంది. మైటోమైసిన్ అనే మందుతో విభజన ఆపి ఒకసారి, ఆపకుండా ఒకసారి చెయ్యి. పట్టు లేని మామూలు కణం వృద్ధి కారకం (పెరుగుదలను ప్రేరేపించే ప్రోటీన్) ఇచ్చినా సాధారణంగా విభజన చెందదు, చాలాసార్లు చచ్చిపోతుంది కూడా. కాబట్టి పెరుగుదల కొలిచే ముందు ఎన్ని అంటుకున్నాయో లెక్కపెట్టు.

మొదటి ఫొటోలు తీయగానే ఆల్బుమిన్ గుంటదే నాకు ముందు పంపు.

ఇట్లు,
పెదనాన్న