సోవియట్ సాయం మన నౌకాదళానికి నిజంగా ఏమిచ్చింది?

సోవియట్ యూనియన్ జలాంతర్గాములిచ్చి మన నౌకాదళాన్ని బలపరిచిందా, లేక తన మీదే ఆధారపడేలా చేసిందా అని అడిగారు. విశాఖపట్నం డాక్‌యార్డులో మరమ్మతు పనులు చేసి రిటైరైనవాడిగా చెబుతున్నాను. రెండూ నిజమే.

1958 దాకా మన నౌకాదళాధిపతులు బ్రిటిష్‌వాళ్లే, ప్రధానమైన ఓడలూ అక్కడివే. జలాంతర్గాముల విషయంలో మాత్రం బ్రిటన్‌తో బేరం కుదరలేదు. 1965లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందమైంది. మనవాళ్లు అక్కడికి వెళ్లి, రష్యన్ నేర్చుకుని శిక్షణ పొందారు. 1967 డిసెంబరు 8న అప్పటి సోవియట్ రేవు రీగాలో మన మొదటి జలాంతర్గామి కల్వరి దళంలో చేరింది. ఆ సాయం లేకపోతే మనకు జలాంతర్గామి విభాగం ఎన్నేళ్లు ఆలస్యమయ్యేదో!

అయితే అవి చల్లని సముద్రాల కోసం కట్టినవి. మన ఎండల్లో ఇంజన్ గదిలోకి దిగితే నిమిషాల్లో చొక్కా తడిసి ముద్దయ్యేది. స్పేర్లు ఇంకో బాధ. ఇప్పుడు రామకృష్ణా బీచ్‌లో మీరు చూసే కుర్సురాను 1980 నుంచి 1982 వరకు పక్కన పెట్టి, దాని భాగాలు విప్పి తోటి జలాంతర్గాములకు వాడాల్సి వచ్చింది. ఆ తర్వాత దాని రీఫిట్, అంటే పూర్తి మరమ్మతు, మన దేశంలోనే జరిగింది. 1985లో అది మళ్లీ సముద్రంలోకి వెళ్లింది.

మా తరం పని నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. ఏది ఎలా విప్పాలో, ఎలా బిగించాలో సోవియట్ నిపుణులు మా సీనియర్లకు ఓపికగా చూపించారు. వాళ్ల మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ ఆ లోహమే ఎందుకు, ఆ కొలతే ఎందుకు అన్నది మా చేతికొచ్చిన కాగితాల్లో ఉండేది కాదు. అరిగిన భాగాన్ని కొలిచి, డ్రాయింగు గీసి, లేత్ మీద చేసి, సరిపోకపోతే మళ్లీ చేసి తెలుసుకున్నాం. స్పేరు రానప్పుడు వచ్చిన ఆ విద్యే చివరిదాకా నాకు పనికొచ్చింది.

బ్రిటన్ డిజైన్ అయిన లియాండర్ రకం ఫ్రిగేట్ల (మధ్యస్థాయి యుద్ధనౌకల) సంగతి వేరు. అవి మన గడ్డ మీదే, ముంబయిలోని మజగావ్ డాక్ అనే ఓడల నిర్మాణ కేంద్రంలో తయారయ్యాయి. మొదటిది నీలగిరి, 1972లో చేరింది. ఆ అనుభవంతో మన డిజైనర్లే గోదావరి అనే ఫ్రిగేట్‌ను రూపొందించి, సోవియట్ క్షిపణులనూ పాశ్చాత్య పరికరాలనూ ఒకే ఓడలో కలిసి పనిచేయించారు. 1983లో అది చేరినప్పుడు మాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

అందుకే కొత్తగా నౌకాదళం కట్టుకునే ఏ దేశమైనా ఓడల సంఖ్య కంటే ముందు డ్రాయింగులు, లెక్కలు, పనివాళ్ల శిక్షణ అడగాలంటాను. పని ఆగకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యం. జర్మన్ సహకారంతో మజగావ్ డాక్‌లో శల్కి, శంకుల్ అనే రెండు జలాంతర్గాములు కట్టాం. రెండోది 1994లో చేరింది. ఆ తర్వాత అక్కడ కట్టిన జలాంతర్గామి దళంలో చేరింది 2017లో, అదీ ఈసారి ఫ్రెంచివారి సాయంతో. మధ్యలో గడిచిన ఇన్నేళ్లలో, ఎంతో ఖర్చుపెట్టి తయారుచేసుకున్న వెల్డర్లలో చాలామంది వేరే పనులకు వెళ్లిపోయారు.