నాన్న మీద పుస్తకం వేద్దామంటే తమ్ముడు వద్దంటున్నాడు

ప్రశ్న: మాది విజయవాడ. నాన్న వన్‌టౌన్‌లో 38 ఏళ్లు హోల్‌సేల్ బట్టల కొట్టు నడిపారు. తొమ్మిది నెలల కిందట గుండెపోటుతో పోయారు. వీలునామా రాయలేదు. అమ్మ, 84 ఏళ్ల నాయనమ్మ, నేను, తమ్ముడు ఉన్నాం. కొట్టును అమ్మా, పాత గుమాస్తా కలిసి నెట్టుకొస్తున్నారు. సంవత్సరీకానికి నాన్న మీద చిన్న పుస్తకం వేయాలని నా కోరిక. బెంగళూరులో ఉండే తమ్ముడేమో, "ఆయన కొట్టుకు తండ్రి, మనకు కాదు. అబద్ధాల పుస్తకంలో నా పేరు వేయకు. కొట్టు అమ్మేసి చెరి సగం తీసుకుందాం" అన్నాడు. బీరువాలో వేరేవాళ్లు నాన్నకు రాసిచ్చిన 11 ప్రోనోట్లు (బాకీ పత్రాలు) దొరికాయి. ఒకాయన వచ్చి నాన్న తనకు 2 లక్షలు చేబదులు ఇవ్వాలంటున్నాడు, కాగితం లేదు. మొన్న 1996 జూన్ చిట్టాలో (రోజువారీ లెక్కల పుస్తకంలో) 'సూరత్ పార్సిల్ కూలీ 45' కింద 'బాబు బూట్లు 110' అని నాన్న చేతిరాత చూసి ఏడ్చాను. ఆ పేజీ ఫొటో తమ్ముడికి పంపనా?

జవాబు: ఇప్పుడు పంపకండి. ఆ పేజీ మీకు ప్రేమ. మీ తమ్ముడికి మాత్రం అది వకీలు తీసి చూపించిన కాగితంలా ఉంటుంది. నాన్న బూట్లు కొనలేదని కాదు అతని బాధ. అవి వేసుకుని బడికి వెళ్తుంటే చూడటానికి నాన్న ఇంట్లో లేరని. మీ నాన్నగారి వ్యాపారంలో అది నిజమే అయి ఉంటుంది. దసరా, దీపావళి, సంక్రాంతి, పెళ్లి ముహూర్తాలు: పిల్లలు ఇంట్లో ఉండే రోజులే కొట్టుకు గిరాకీ రోజులు. పండక్కి రెండు మూడు వారాల ముందు నుంచే ఊళ్ల వర్తకులు సరుకు ఎత్తడానికి దిగుతారు. పండగ దాటాక అరువు వసూళ్లకు తిరగాలి. ఇవన్నీ తెలిసిన మనిషికైనా చిన్నప్పటి కోపం ఊరికే పోదు.

పుస్తకం సంగతి తర్వాత చెబుతాను. ముందు లెక్కలు తేలాలి. డబ్బు విషయంలో మాట పట్టింపు ఉండగా అచ్చేసిన సంస్మరణ సంచికలో ప్రతి వాక్యమూ ఎవరో ఒకరికి గుచ్చుకుంటుంది.

'చెరి సగం' అన్న మాటే తప్పు. వీలునామా లేని హిందూ తండ్రి స్వార్జితంలో భార్య, కొడుకు, కూతురుతో పాటు ఆయన తల్లికీ సమాన వాటా ఉంటుంది. అంటే మీ ఇంట్లో నాలుగు వాటాలు. నాయనమ్మను లెక్కలోకి తీసుకోని కుటుంబాలు చాలా ఉన్నాయి. తర్వాత ఆస్తి రిజిస్ట్రేషన్ దగ్గర అక్కడే ఆగిపోతారు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో నాలుగు పేర్లూ ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి. బ్యాంకులో నామినీగా ఒకరి పేరే ఉన్నా భయపడక్కర్లేదు. నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప హక్కుదారు కాదు.

కొట్టులో ఇంకా నాన్నగారి జీఎస్టీ నంబరు మీదే బిల్లులు కొడుతుంటే, గల్లా పెట్టె మీద ఆయన ఖాతా క్యూఆర్ కోడే ఉంటే, మీ మొదటి పని అది మార్చడం. సొంత యాజమాన్యపు కొట్టులో యజమాని పోతే ఆ నంబరు వారసులకు దానంతట అది రాదు. నడిపేది అమ్మగారైతే ఆమె పేరున కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. పాత నంబరులో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను జమను) ఐటీసీ-02 ఫారంతో కొత్తదానికి మార్చుకోవాలి. ఆ తర్వాతే రెగ్-16 ఫారంతో పాతది రద్దుకు పెట్టాలి. తొందరపడి ముందే రద్దు చేయిస్తే క్రెడిట్ మధ్యలో ఇరుక్కుంటుంది. ఆయన సంతకం చేసి వదిలిన చెక్కులు ఉంటే వాడొద్దు. పోయిన రోజు వరకు ఆయన ఆదాయానికి రిటర్ను, వారసులుగా నమోదు చేసుకుని, మీలో ఒకరు వేయాలి. ఇవన్నీ ఒక ఆడిటరు చేతిలో పెట్టండి. తమ్ముడికి కూడా ప్రతి కాగితం నకలు వెళ్లేలా చూడండి. మీరు నోటితో చెప్పే లెక్క కన్నా అతనికి అదే నయం.

ప్రోనోట్లను తేదీల వారీగా పేర్చండి. దావా వేయడానికి మామూలుగా నోటు రాసిన రోజు నుంచి మూడేళ్లే గడువు. నోటు వెనక బాకీదారు సంతకంతో చెల్లు (కొంత కట్టినట్టు రాత) ఉంటే, ఆ చెల్లు గడువులోపలే పడి ఉంటే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. మనిషి పోయాడని గడువు ఆగదు. మూడేళ్లు నిండబోతున్న వాటి బాకీదారుల్ని ముందుగా కలిసి, ఎంతో కొంత పుచ్చుకుని చెల్లు రాయించండి. కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే డిక్రీకి వారసత్వ ధ్రువపత్రం కావాలి, దానికి నెలలు పడుతుంది. గడువు దాటిన నోట్లను వదిలేయాలా, అడిగి చూడాలా అన్నది నలుగురూ కలిసి తేల్చుకోండి. వసూలు కాని నోట్లు చింపేయకండి, మీ నాన్నగారు ఎవరిని నమ్మారో అవి చెబుతాయి.

2 లక్షల మనిషికి అక్కడికక్కడ 'సరే' అనొద్దు, 'అబద్ధం' అనీ అనొద్దు. ఏ నెలలో, ఎవరి ఎదుట, దేనికి ఇచ్చాడో రాయించుకోండి. ఆ నెల చిట్టాలో జమ పడిందా, ఆవర్జాలో (ఖాతాల పుస్తకంలో) అతని పేరున ఖాతా ఉందా చూడండి. బూట్లకు 110 కూడా రాసుకున్న మనిషి 2 లక్షలు రాయకుండా ఉండటం కష్టం. గుమాస్తాను విడిగా అడగండి. బాకీ నిజమే అయినా, నాన్నగారు వదిలిన ఆస్తి మేరకే మీ బాధ్యత.

ఇక గుమాస్తా. ఆయన 26 ఏళ్లుగా ఉన్నాడనుకోండి, నెల జీతం 15,600 అనుకోండి. పది మంది కన్నా తక్కువ పనిచేసే కొట్టును గ్రాట్యుటీ చట్టం బలవంతపెట్టదు. అయినా దాని లెక్క మంచి కొలత: జీతాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే 9,000, దాన్ని 26 ఏళ్లతో హెచ్చిస్తే 2,34,000. కొట్టు అమ్మినా, ఉంచినా, వాటాలు పంచుకోకముందే ఆ డబ్బు పక్కన పెట్టండి. పుస్తకం కోసం ఆయన్ని కదిలించేది ఆ తర్వాతే. రావలసింది వస్తుందో రాదో తెలియని మనిషి యజమాని కూతురి ముందు పొగడ్త తప్ప ఇంకేం చెబుతాడు?

పుస్తకానికి నాయనమ్మతో మొదలుపెట్టండి. ఒక్కో పూట ముప్పావుగంట చాలు, భోజనమై కునుకు తీసి లేచాక. ఫోన్లో రికార్డు చేయండి. 'నాన్న ఎలాంటివారు' అని అడిగితే 'దేవుడు' అంటారు, కథ అక్కడితో అయిపోతుంది. కొట్టుకు పెట్టుబడి ఎవరిచ్చారు? మొదటి బట్టల బేలు ఎక్కడి నుంచి వచ్చింది? చీరాల రైల్లో ఎవరితో వెళ్లేవారు? సరుకు లెక్కపెట్టేటప్పుడు ఒకటి బదులు 'లాభం' అనేవారా? కొట్టు కట్టేసి వచ్చాక ముందు ఏం తినేవారు? ఎవరి మీద అరిచేవారు? ఇలా అడగండి. అమ్మనూ నాయనమ్మనూ ఒకేసారి కూర్చోబెట్టొద్దు, అత్తగారి ముందు కోడలి జ్ఞాపకం సగమవుతుంది.

తమ్ముణ్ని వ్యాసం రాయమని అడగకండి. 'పుస్తకంలో రెండు పేజీలు నీవి. నువ్వు చెప్పినదాంట్లో ఒక్క మాట మార్చను. దీపావళి రాత్రి ఇంట్లో ఏం జరిగేదో చెప్పు చాలు' అని ఫోను చేయండి. మాట ఇచ్చాక నిలబెట్టుకోండి, అతను 'పదకొండైనా వచ్చేవారు కాదు' అన్నా సరే. అది నాన్నకు అవమానమని మేనత్తలు అంటే, ఆ రెండు పేజీలు లేకుండా పుస్తకం రాదని మీరే చెప్పండి. అతను ఏదైనా మాట్లాడాక, అదే రోజు కాకుండా, చిట్టా పేజీ చూపించండి. పక్కన ఏ వ్యాఖ్యా వద్దు. అతను అసలేమీ చెప్పనంటే ఆ రెండు పేజీలు ఖాళీగా అచ్చేయకండి, అది సాధింపు. పేజీలు తగ్గించండి.

అచ్చుకు 1/8 డెమీ సైజు, 48 పేజీలు సరిపోతాయి. అంటే 16 పేజీల చొప్పున మూడు ఫారాలు (అచ్చు వేసి మడిచే పెద్ద కాగితాలు), పిన్ను కొట్టవచ్చు. 50 పేజీలు అనుకుంటే ఆ రెండు పేజీల కోసం ప్రెస్సు వాళ్లు ఇబ్బంది పడతారు, ఖర్చు మీ మీద పడుతుంది. ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేయించండి. అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకొద్దు, అద్దంతోనే తీయించండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి, ఫొటోగా పంపితే నాణ్యత పోతుంది. మీరు ఫోన్లో టైపు చేసిన తెలుగు, ప్రెస్సు వాళ్లు వాడే 'అను' అనే ఫాంటులోకి మారేటప్పుడు వత్తులు ఎగిరిపోతుంటాయి. ఫైనల్ ప్రూఫులో ఇంటిపేర్లు, ఊరి పేర్లు, ఏడాదులు వేరేగా ఒకసారి చదవండి. సంవత్సరీకానికి మూడు వారాల ముందే ప్రూఫు చేతిలో ఉండాలి.

తేదీ దగ్గర ఒక మాట. ఆబ్దికం తిథి ప్రకారం పెడతారు. తిథి ఆంగ్ల తేదీకి సుమారు 11 రోజులు ముందే వస్తుంది, మధ్యలో అధిక మాసం పడితే దాదాపు 19 రోజులు ఆలస్యంగా వస్తుంది. పురోహితుణ్ని అడిగాకే ప్రెస్సుకు తేదీ చెప్పండి. పుస్తకాలు పంచడం మాత్రం ఆ రోజు పెట్టుకోవద్దు. బజారుకు సెలవున్న ఒక సాయంత్రం చూసుకుంటే ఊళ్ల వర్తకులు కూడా వస్తారు.

ఈ వారమే చేయాల్సింది ఇంకొకటుంది. నాన్నగారి సిమ్ రీచార్జ్ అయిపోనివ్వకండి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. ఆయన వాట్సాప్ వాయిస్ మెసేజీలను, సరుకు ఆర్డర్లతో సహా, వేరే డిస్కులోకి ఎక్కించి ఒక నకలు తమ్ముడికి పంపండి. వాటి గురించి అతన్ని ఏమీ అడగకండి.